రూతమ్మగారి మంచినీళ్ళ గ్లాసు

ఈ ఉదయం కుళాయి తిప్పగానే బ్లీచింగ్ పౌడరు వాసన గుప్పుమంది. ట్యాంకులో మందు కాస్త ఎక్కువ కలిపినట్లున్నారు. పక్కింటావిడ ముక్కు మూసుకుని బకెట్టు నీళ్ళు పారబోసింది. నేను మాత్రం ఓ గాజుగ్లాసు నింపి, కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూసి, వాసన చూసి, మళ్ళీ ఎత్తి చూశాను. మా మనవరాలు పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మమ్మా, నీళ్ళు తాగేవి, చదివేవి కావు" అంది. దానికేం తెలుసు! తాగబోయే ముందు నీళ్ళను చదవాలని నాకు నేర్పిన మనిషిని అది చూడలేదు. చూసి ఉంటే ఆ మాట అనడానికి జంకేది. రూతమ్మగారు అలాంటి వేళాకోళాలకు నవ్వి ఊరుకునే మనిషి కాదు, ఎదురు ప్రశ్న వేసేది.

అరవైల మొదట్లో నందిగామలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నాకు తొలి ఉద్యోగం. మాది చందర్లపాడు దగ్గర వ్యవసాయ కుటుంబం. బి.ఎస్సీ. చదివానన్న మిడిసిపాటు కొంత, బెజవాడకు బదిలీ ఎప్పుడవుతుందా అన్న తొందర కొంత, ఇదీ అప్పటి నేను. సైన్సు విభాగానికి పెద్ద రూతమ్మగారు. నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్దది, సన్నగా పొడుగ్గా ఉండేది, చెంగు నడుముకు చుట్టి దోపేది. కాలుకాలిన పిల్లి అని స్టాఫ్‌రూంలో చాటుగా అనేవాళ్ళం. టీ గ్లాసు పట్టుకుని వరండా ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూ తాగేది. పాఠం చెబుతూ చెబుతూ కిటికీలోంచి ఏదో చూసి, పిల్లల్ని అలాగే వదిలి బయటకు వెళ్ళి, చేతిలో ఓ నత్తతోనో తూనీగతోనో తిరిగొచ్చేది. ఆమె పక్కన పది నిమిషాలు నిలబడితే నా కాళ్ళు కూడా ఊరికే ఉండేవి కావు. మొదట్లో ఆమె అంటే నాకు చిరాకు. ఆ మాట దాచడమెందుకు?

మా లాబొరేటరీ అంటే ఒక పొడుగాటి గది, రెండు బల్లలు, ఒకే ఒక మైక్రోస్కోపు. కిటికీ కింద ఒక తొట్టిలో పచ్చగా నాచు పట్టిన నీళ్ళుండేవి. ఆ నీళ్ళలో తెల్లటి చుక్కలు ఒకటే ఎగిరెగిరి పడుతుండేవి. పుస్తకంలో వాటి పేరు డాఫ్నియా. మా పిల్లలు గంతుపురుగులు అనేవాళ్ళు. చేరిన వారంలోనే రూతమ్మగారు ఒకదాన్ని గాజుపలక మీద చుక్కనీటిలో పెట్టి నన్ను మైక్రోస్కోపు ముందు నిలబెట్టింది.

"ఏం కనపడతంది?"

"పురుగండీ."

"పురుగని నాకూ తెలుసు. దాని గుండె చూడు."

చూశాను. అద్దంలాంటి ఒంట్లో, వీపు కింద, చిన్న సంచీ ఒకటి టకటకా కొట్టుకుంటోంది. ఆవగింజలో సగం లేని ప్రాణికి గుండె ఉంటుందని పరీక్షల కోసం చదివాను గానీ, అది కొట్టుకుంటుంటే చూడడం వేరు. నేను కళ్ళు తీయకుండా చూస్తుంటే ఆమె పక్కన అసహనంగా కదులుతూ, "చాల్లే, దాన్ని మళ్ళీ నీళ్ళల్లో వదులు. ఎండి చస్తది" అంది.

ఆ పురుగుల్ని ఆమె ముచ్చటకు పెంచడం లేదు. జగ్గయ్యపేట వెళ్ళే దారిలో ఒక ఊరుంది. ఊరి చివర వాగు, వాగు అవతల గట్టున క్రైస్తవుల పల్లె. అక్కడ రూతమ్మగారి చెల్లెలు మరియమ్మ కాపురం. పల్లెకు బావి లేదు. వాగు ఇసకలో చెలమలు తీసి, ఊరిన నీళ్ళను కొబ్బరిచిప్పతో తోడుకుని తాగేవాళ్ళు. ఎగువన నూలుకు రంగులద్దే ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. నూలు తెల్లబరచడానికి ఒక మందు, రంగు పట్టడానికి ఇంకో మందు వాడి, కడిగిన నీళ్ళన్నీ ఒక కాలవ గుండా వాగులోకి వదిలేవాళ్ళు. నీళ్ళు ఎర్రగానో నీలంగానో వచ్చిన రోజున ఎవరూ తాగరు. చిక్కంతా నీళ్ళు తేటగా వచ్చిన రోజులతోనే. పిల్లలకు కడుపునొప్పి, వాంతులు. వాగులో నీళ్ళు తాగిన గొర్రెలు పడిపోయేవి. ఫ్యాక్టరీవాళ్ళను అడిగితే, "రంగు లేదుగా, ఇంకేం దోషం? ఇసక వడగట్టదా?" అనేవారు. రూతమ్మగారు పళ్ళు కొరికేది. "ఇసక మట్టిని ఆపుద్ది, మందునెట్టా ఆపుద్ది?"

అందుకని ఆమె వాగు నీళ్ళు తెచ్చి వరసగా గాజుగ్లాసుల్లో పోసేది. ఒకదాన్లో అచ్చంగా వాగు నీళ్ళు, తర్వాతదాన్లో సగం మంచినీళ్ళు కలిపినవి, ఆ తర్వాత ఇంకా పలచన, ఇంకా పలచన. ప్రతి గ్లాసులోనూ అప్పుడే పుట్టిన గంతుపురుగుల్ని వదిలి, మర్నాటికి ఎన్ని బతికాయో చూసేది. వరస చివర ఒక గ్లాసులో నందిగామ నుంచి తెచ్చిన వట్టి మంచినీళ్ళు ఉండేవి.

"ఇందులో ఎందుకండీ? ఇందులో ఏమీ కాదుగా?" అన్నాను మొదటిసారి.

"ఏమీ కాకూడదనే పెట్టేది. ఈ గ్లాసులో పురుగు బతికితేనే ఆ గ్లాసులో చచ్చిన పురుగు మాట చెల్లుద్ది. ఇందులోనూ చచ్చిందనుకో, ఇక వాగును ఒక్క మాట అనటానికి మనకి హక్కులేదు."

ఈ పరీక్ష మరియమ్మ ఇంట్లో పెట్టడానికి శనివారం మధ్యాహ్నం బడి వదలగానే ఇద్దరం బస్సెక్కేవాళ్ళం. ఆమె ఒళ్ళో మట్టికుండ, నా ఒళ్ళో సీసాల సంచి. ఒకసారి కండక్టరు, "కుండలో ఏవిటమ్మగారూ, నెయ్యా?" అన్నాడు. "పురుగులు నాయనా" అంది ఆమె. మా ముందు సీటువాళ్ళూ వెనక సీటువాళ్ళూ లేచి నిలబడ్డారు. దిగేదాకా మాకు బస్సులో కావలసినంత చోటు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే ఆమె కుండలోకి తొంగిచూస్తూ, ఎండకు నీళ్ళు వేడెక్కుతున్నాయని డ్రైవరు మీద అరిచింది.

చలికాలమంతా చేశాం. ప్రతిసారీ వాగు నీళ్ళలో పురుగులు చచ్చేవి, సగం పలచన చేసినా చచ్చేవి, మంచినీళ్ళ గ్లాసులో హాయిగా గెంతేవి. ఇక చాలు, తాసీల్దారుగారికి చెబుదామని నేను. ఇంకోసారి చూద్దామని ఆమె. ఆమెకూ లోపల గుబులుగానే ఉంది. ఎండలు ముదిరితే వాగు ఎండిపోతుంది. అప్పుడు ఇసకలోకి దిగేది ఫ్యాక్టరీ వదిలే నీళ్ళు తప్ప మరొకటి ఉండదు. చెలమల్లో ఊరేదీ అదే. ఎండాకాలం లోగా ఆ కాలవ మళ్ళించకపోతే మరియమ్మ పిల్లలు వాటినే తాగాలి. చివరికి శివరాత్రి వెళ్ళాక తాసీల్దారుగారిని కలిశాం. ఆయన మంచివాడే గానీ కళ్ళతో చూస్తే తప్ప నమ్మనన్నాడు. ఫ్యాక్టరీ మేనేజరు, పరీక్ష అందరి ఎదుట జరగాలనీ, మంచినీళ్ళు ఆ ఊరి బావివే అయి ఉండాలనీ పట్టుబట్టాడు. "న్యాయమే" అంది రూతమ్మగారు.

అనుకున్న రోజున పురుగుల సీసా నాకిచ్చి, ఖాళీ కుండ చంకన పెట్టుకుని ఆమె బావి వైపు నడిచింది. పంచాయతీ ప్రెసిడెంటుగారు ఎదురొచ్చారు. ఆయన మా అమ్మ వైపు చుట్టం, నాకు వరసకు మామయ్య. గొంతు పెంచలేదు, ఒక్క పరుషమైన మాట అనలేదు.

"మీరు చేద వెయ్యకండమ్మా. ఊళ్ళో పెద్దాళ్ళు ఒప్పుకోరు. రాత్రే మా ఇంట్లో నీళ్ళు పట్టించి ఉంచా. మీకేం లోటు రానియ్యను."

మనిషి మర్యాదకు లోటు చేయలేదు. ఇంట్లోకెల్లా పెద్ద రాగిబిందెను చింతపండుతో ధగధగలాడేలా తోమించి, నిండా బావినీళ్ళు పట్టించి, పైన తడిగుడ్డ కప్పించి పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెట్టించారు. ఆయన మనిషి చెంబుతో ముంచి పైనుంచి మా గ్లాసులో పోశాడు. రూతమ్మగారు తన కుండను గోడ వారన బోర్లించింది. ఆ క్షణాన ఆమె ముఖంలోకి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఒళ్ళు మండిపోయింది గానీ, అప్పుడు గొడవపడితే పరీక్షే ఆగిపోతుందని నోరు మూసుకున్నాను. పురుగుల్ని వదిలి, పంచాయతీ ఆఫీసు గదికి తాళం వేసి, తాళంచెవి తాసీల్దారుగారి బంట్రోతుకు ఇచ్చాం.

తెల్లవారి తలుపు తీసేసరికి ఊరంతా అక్కడే ఉంది. వాగు నీళ్ళ గ్లాసుల్లో పురుగులు అడుగున పడి ఉన్నాయి. మంచినీళ్ళ గ్లాసులో కూడా పడి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి కదలడం లేదు. రూతమ్మగారు గ్లాసు చేతిలోకి తీసుకుని వెలుతురుకు ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది.

మేనేజరు ముందు నవ్వాడు. "ఏమ్మా టీచరుగారూ, ఊరి బావిలో కూడా మేమే మందు కలిపామంటారా?"

జనం గొల్లుమన్నారు. నేను ఆమె చెవి దగ్గర, "ఇన్నాళ్ళూ చేసినవి చెప్పండి. మంచినీళ్ళలో ఎన్నడూ చావలేదని చెప్పండి" అని గొణిగాను. ఆమె నా మాట విననట్టే తాసీల్దారుగారి వైపు తిరిగింది.

"ఈ పరీక్ష చెల్లదండి. మంచినీళ్ళల్లో చచ్చినయ్. ఎందుకో నాకు తెలియదు."

"అంటే ఫ్యాక్టరీ నీళ్ళలో దోషం లేదని ఒప్పుకుంటున్నారా?"

"అదీ అనను. తెలియదంటున్నా."

ఆయన జీపెక్కి వెళ్ళిపోయాడు. ఎవరో వెనకనుంచి, అక్కాచెల్లెళ్ళు కలిసి ఆడిన నాటకం అన్నారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, చెల్లెలి ఊరికోసం నిజం చెప్పినా అంతే. మరియమ్మ మాత్రం చంటిపిల్లను చంకనేసుకుని అందరి ముందే నిలదీసింది. "తెలవదని ఎట్టా అంటివే అక్కా? నీకు తెలవకపోతే ఇంకెవరికి తెలుసుద్ది? ఎండల్లో మా పిల్లకాయలకి ఏం తాపమంటావ్?" రూతమ్మగారు కుండ తీసుకుని బస్సు ఆగే చోటికి అంత వేగంగా నడిచింది, నేను పరిగెత్తాల్సి వచ్చింది.

ఆ తర్వాతి రోజులన్నీ నందిగామలో మా లాబొరేటరీలోనే గడిచాయి. బయట ఎండ రోజురోజుకీ ముదురుతోంది. లోపల ఆమె గదిలో ఉన్న ప్రతిదాన్నీ అనుమానిస్తోంది. బస్సు కుదుపులకు చచ్చాయా? గది ఉక్కకా? ఆ ప్రాంతమంతా సున్నపురాయి నేల, బావినీళ్ళలో సున్నం ఎక్కువై చచ్చాయా? నా చేతికి పసుపు ఉందా? ఒక్కొక్కటీ చేసి చూసేది. ఏదీ కాదు. నేను ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"మీరు ఆ రోజు కాస్త నిబ్బరంగా మాట్లాడి ఉంటే ఈపాటికి కాలవ మళ్ళించేవాళ్ళు."

"మళ్ళించేవాళ్ళేమో."

"మరి?"

"మరేం లేదు. నేను అబద్ధం పట్టుకుని గెలిస్తే, రేపు ఆ మేనేజరు చెప్పే అబద్ధాన్ని ఏ మొహం పెట్టుకుని కాదంటా?" అని, వెంటనే నా వైపు తిరిగి, "నువ్వా బావిలో నీళ్ళు తోడితే ఎవరూ ఏమీ అనరు కదా?" అంది.

అనరు. నేను వాళ్ళ మనిషిని. ఆదివారం వెళ్ళి ఆమె మట్టికుండతోనే ఆ బావినీళ్ళు తెచ్చాను. మర్నాడు ఆ నీళ్ళలో గంతుపురుగులు ఒక్కటి చావలేదు. అదే బావి, అవే పురుగులు. ఆమె గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ ఆ రోజు జరిగినదంతా నా చేత మొదటి నుంచి చెప్పించింది. నేను బిందె దాకా వచ్చేసరికి ఆగిపోయింది.

నా గదిలో మా అమ్మ ఇచ్చిన రాగిచెంబు ఉండేది. దాన్ని చింతపండుతో తోమి, కుండలోని నీళ్ళే పోసి ఉంచాం. పొద్దున ఆ నీళ్ళలో వదిలిన పురుగులు సాయంత్రానికే అడుగుకు చేరాయి.

"పులుపు తగిలి రాగి నీళ్ళల్లోకి దిగింది" అంది ఆమె. "మనిషికి ఆ కాస్తా లెక్కలోది కాదు. ఈ బుల్లి ప్రాణానికి అదే ఎక్కువ."

"రాగిబిందె నీళ్ళు ఒంటికి మంచివని మా అమ్మ..."

"మీ అమ్మకి మంచివే." ఆమె ముందు ఫక్కున నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎక్కడికో పోయింది. "కుండ నా చంకలోనే ఉంది కదే సుశీలా. దాన్ని బావిలో వెయ్యనిచ్చి ఉంటే..."

తాసీల్దారుగారు మొదట చూడనే చూడనన్నాడు. ఆయన ఏ ఊరు కేంపు వెళితే ఆ ఊళ్ళో ఈమె ప్రత్యక్షమయ్యేది. చెట్టు కింద, వరండాలో, జీపు పక్కన. ఆఖరికి విసిగి సరేనన్నాడు. ఈసారి షరతు ఆమె పెట్టింది. బావినీళ్ళు తానే తోడాలి, తన కుండతో, తన చేత్తో. ప్రెసిడెంటు మామయ్య నా వైపు చూశాడు, అమ్మాయ్ నువ్వైనా చెప్పు అన్నట్టు.

"నేను తోడతాను కదండీ" అన్నాను ఆమెతో, మెల్లగా.

"నువ్వు తోడినా అవే నీళ్ళమ్మాయ్. కానీ పరీక్ష నాది. నీళ్ళు నా చెయ్యి దాటిపోయినందుకే మొన్న నాకు తెలియదని చెప్పాల్సొచ్చింది. ఇంకోసారి చెప్పను."

తాసీల్దారుగారు గడియారం చూసుకుని, "తోడనివ్వండి ప్రెసిడెంటుగారూ. గవర్నమెంటు పని" అన్నాడు. ఎవరూ ముందుకు రాలేదు, ఎవరూ అడ్డం రాలేదు. రూతమ్మగారు కొత్త తాడు కుండ మెడకు కట్టి గిలక మీంచి వదిలింది. గిలక కిర్రుమంటుంటే ఒక ఇంటి అరుగు మీంచి ముసలామె, "అయిపోయింది, ఇక బావి ముట్టుకునేదెవరు!" అని శాపనార్థాలు పెట్టింది. రూతమ్మగారు తల తిప్పకుండా తాడు లాగింది. కుండ పైకొచ్చాక నీళ్ళు తొణికి ఆమె చీర కుచ్చిళ్ళు తడిశాయి.

మర్నాడు మంచినీళ్ళ గ్లాసులో గంతుపురుగులు బ్రహ్మాండంగా గెంతుతున్నాయి. వాగు నీళ్ళ గ్లాసుల్లో, బాగా పలచన చేసినదానితో సహా, అన్నీ చచ్చాయి. తాసీల్దారుగారు గ్లాసుల ముందు వంగి చాలాసేపు చూశాడు. మేనేజరు ఈసారి నవ్వలేదు. ఫ్యాక్టరీవాళ్ళు సణుక్కుంటూనే తమ స్థలంలో గుంటలు తవ్వి, కడుగునీళ్ళను అందులోకి మళ్ళించారు. వాగు ఎండిపోవడానికి ముందే ఆ పని జరిగింది.

పరీక్ష తేలిన ఆ పొద్దునే నేను ఎగిరి గంతేశాను. నిజంగానే గెలిచాం. గ్లాసులన్నీ సర్ది, కుండలో మిగిలిన బావినీళ్ళతో మరియమ్మ ఇంటికి వెళ్ళాం. చంటిపిల్ల ఏడుస్తుంటే మరియమ్మ ఆ నీళ్ళే చిన్నగ్లాసుతో పట్టి, మిగిలినవి తాను తాగింది. ఇంకో గ్లాసు ముంచుకుంది. తాగి, మూతి తుడుచుకుని, మామూలుగా అంది.

"ఇంత తియ్యగా ఉంటయ్యా అక్కా? ఇన్నేళ్ళూ ఈ నీళ్ళు ఇక్కడే ఉన్నయ్యా?"

రూతమ్మగారు చటుక్కున లేచి బయటకు వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. వాగు గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతోంది. ఆమె కంట నీరు చూడడం నాకు అదే మొదలు, అదే ఆఖరు.

"ఆ వాగులో విషం ఎంతుందో తేల్చటానికి ఏడాది తిరిగా. ఆ వాగే ఎందుకు తాగాలని ఒక్కరోజూ అడగలేదు సుశీలా. కాలవకి పురుగులు సాక్ష్యం చెప్పినయ్. దీనికి ఎవరు చెప్తారు?"

పై వారం మరియమ్మ కబురు తెచ్చింది. మేం వచ్చేశాక ఊళ్ళో బావినీళ్ళన్నీ తోడి పారబోశారట. సున్నం చల్లి, పసుపునీళ్ళు చిలకరించి, పంతులుగారి చేత శుద్ధి చేయించారట. పురుగు బతికిన నీళ్ళు, తాసీల్దారు మంచివని ముద్ర వేసిన నీళ్ళు, బొక్కెనల కొద్దీ వీధిలో పోశారు. దగ్గరుండి జరిపించింది మా మామయ్యే. ఎప్పటిలాగే మర్యాదగా, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా.

ఆ రోజు నుంచి రూతమ్మగారు పల్లెకు బావి కోసం తిరగడం మొదలుపెట్టింది. ఆ బావి పడేసరికి ఆమె రిటైరై, మోకాళ్ళు పట్టేసి, అయినా తిరుగుతూనే ఉంది. నాకు బెజవాడ బదిలీ వచ్చింది, వెళ్ళాను. కానీ ఆమె అశాంతి నన్ను వదల్లేదు. ఎవరైనా ఇది మంచిది, ఇది చెడ్డది అని తేల్చి చెబితే, దేంతో పోల్చి చెబుతున్నారు, ఆ నీళ్ళు ఎవరు తెచ్చారు, ఎవర్ని తేనివ్వలేదు అని అడుగుతాను. అడిగినందుకు చాలామందికి నేనంటే గిట్టదు. గిట్టకపోతే పోనీ.

మామయ్య ఇంటికి ఆ తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళకు, పురుళ్ళకు వెళ్ళాను. చుట్టరికం తెంచుకోలేదు. విస్తరి ముందు కూర్చున్నాను, పెట్టింది తిన్నాను. మంచినీళ్ళు మాత్రం ముట్టలేదు. ఎందుకు తాగవని అత్తయ్య అడిగిన ప్రతిసారీ, నలుగురిలో ఉన్నా సరే, ఎందుకో చెప్పాను. ఇప్పుడు అత్తయ్యా లేదు, మామయ్యా లేడు. వాళ్ళ కోడలు కూడా ఎదురొచ్చి గ్లాసు అందిస్తుంది, పాపం. గొంతు ఎండిపోతున్నా నేను అందుకోను.